కొత్త కిడ్నీ పదకొండు రోజులు ఎందుకు పడుకుంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా ఆయనకి 44 ఏళ్ళు. మూడేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. చనిపోయినవాళ్ళ అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ళ పేర్లు రాసుకునే జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. రెండు నెలల క్రితం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, కిడ్నీ దొరికింది, బయలుదేరండి అన్నారు. తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్ చేరాం. రక్తం తీసుకున్నారు, డయాలసిస్ చేశారు, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి అప్పుడు ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. బాగా జరిగిందన్నారు గానీ యూరిన్ రాలేదు. మళ్ళీ నాలుగుసార్లు డయాలసిస్ పడింది. పన్నెండో రోజు నుంచి ధారగా వచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఎంత తగ్గితే అంత మంచిదట) 3.1, ఇప్పుడు 1.8.

డిశ్చార్జి కాగితంలో ‘కోల్డ్ ఇస్కీమియా 15 గంటలు’ అని రాశారు. అది చదివినప్పటి నుంచి మా బావగారు గొడవ పెడుతున్నారు. ‘గుండెనైతే మెట్రోలో పావుగంటలో తీసుకెళ్ళారు, మన కిడ్నీని మాత్రం పదిహేను గంటలు పెట్టెలో పడేసి చెడగొట్టి పెట్టారు’ అంటున్నారు. చెడిపోయిన కిడ్నీ పెట్టారా? ఇది ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇంకొక మాట. మా అత్తగారు రెండేళ్ళ క్రితం ఇంట్లోనే నిద్రలో పోయారు. కొడుక్కి కిడ్నీ ఇస్తానని బతికుండగా ఎంతో అడిగారు, షుగర్ ఉందని వద్దన్నారు. పోయాక అయినా తీసుకోండి అంటే కళ్ళు మాత్రమే తీసుకున్నారు. ఎందుకని? ఆసుపత్రిలో నేను రోజూ యూరిన్ కొలిచి రాసిన పుస్తకం ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం కంటే ముందు ఆ ఫొటోలే చూశాను. పాత లెక్కల నోటు పుస్తకం, ఎడమవైపు తారీఖు, కుడివైపు మిల్లీలీటర్లు. మొదటి రోజు 60. నాలుగో రోజు 35, పక్కన చిన్నగా ‘ఎర్రగా ఉంది’ అని రాశారు. ఎనిమిదో రోజు 150. పదో రోజు 420. పదకొండో రోజు 900. పన్నెండో రోజు 2,300, దాని కింద రెండు గీతలు. ఆ రెండు గీతలు గీసినప్పుడు మీకెలా ఉండి ఉంటుందో ఊహించగలను. మీ బావగారి ప్రశ్నకి జవాబులో సగం ఆ పేజీలోనే ఉంది. చెడిపోయిన కిడ్నీ ఇలా లేవదు. దెబ్బ తిన్నది లేస్తుంది. ఈ రెంటికీ తేడా ఏమిటో కాస్త వివరంగా చెప్తాను. ఓపిగ్గా చదివి, వీలైతే ఆయనకీ చదివి వినిపించండి.

రక్తం అందకపోవడాన్ని ఇస్కీమియా అంటాం. రక్తం ఆగితే కణానికి ముందు తగ్గేది ఆక్సిజన్. దాంతో కరెంటు పోయినట్టే. హైదరాబాద్‌లో వానాకాలం అపార్ట్‌మెంట్ల సెల్లార్లు చూసే ఉంటారు. గోడల్లోంచి, నేలలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది, ఓ మూల మోటారు దాన్ని బయటికి తోడుతూనే ఉంటుంది. మోటారు నడిచినంతసేపూ నేల పొడిగానే కనిపిస్తుంది. కరెంటు పోయిందా, అరగంటలో మడమల దాకా, గంటలో బండ్ల చక్రాల దాకా నీళ్ళు. మన ఒంట్లో ప్రతి కణమూ అలాంటి సెల్లారే. బయటి నుంచి సోడియం లోపలికి ఊరుతూ ఉంటుంది, కణం గోడలో ఉండే పంపులు దాన్ని బయటికి తోస్తూ ఉంటాయి. ఆ పంపులకి కావలసిన శక్తి ఆక్సిజన్ ఉంటేనే సరిపడా తయారవుతుంది. అది లేకపోతే సోడియం లోపలే ఉండిపోతుంది, దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బుతుంది. ఆక్సిజన్ లేకుండానే కాస్త శక్తి పుట్టించుకుందామని కణం ప్రయత్నిస్తే లాక్టిక్ యాసిడ్ పేరుకుని లోపలంతా పులిసిపోతుంది. కాల్షియం కూడా లోపలికి దూరి, కణంలోని ఎంజైములని రెచ్చగొడుతుంది. అవి సొంత ఇంటినే కొరకడం మొదలుపెడతాయి.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఆ అవయవం ఏమిటి, దాని వేడి ఎంత. మీ డిశ్చార్జి కాగితంలో ‘కోల్డ్’ అన్న మాట ఉంది చూడండి, మీ బావగారు దాన్ని వదిలేసి గంటలు మాత్రమే లెక్కపెట్టారు.

ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, రక్తం లేకుండా మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతింటుంది. గుండె కండరం ఇరవై నిమిషాలు దాటితే చావడం మొదలవుతుంది. కిడ్నీ దానికంటే ఓర్పు గలది. అరగంట అయితే దాదాపు పూర్తిగా కోలుకుంటుంది, గంటయితే గట్టి దెబ్బే, ఆపైన నమ్మకం తగ్గుతూ పోతుంది. అదే కిడ్నీని నాలుగు డిగ్రీలకి చల్లబరిస్తే దాని ఆకలి పదో వంతుకి, ఇంకా తక్కువకి పడిపోతుంది. సెల్లార్లో ఊట కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు నిమిషాల లెక్క గంటల లెక్క అవుతుంది. ఐసులో ఉన్న పదిహేను గంటలూ, వేడిలో ఉన్న పదిహేను గంటలూ ఒకటి కావు. వేడిలో అన్ని గంటలుంటే ఎవరూ ఆ కిడ్నీని ముట్టుకోరు కూడా.

చల్లబరచడం అంటే డబ్బాలో ఐసు గడ్డలు పోసి పెట్టేయడం కాదు. దాత పొట్టలోని పెద్ద ధమనిలో ముందే ఒక గొట్టం పెడతారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అందరూ సిద్ధమని చెప్పుకున్నాక ఆ ధమనిని బిగించి మూసే క్లాంప్ వేస్తారు. ఆ క్షణాన ఒకరు గోడ గడియారం చూసి టైమ్ గట్టిగా చెప్తారు, ఇంకొకరు రాసుకుంటారు. మీ పదిహేను గంటలు మొదలైంది అక్కడ. వెంటనే గొట్టంలోంచి చల్లటి ద్రావణం వదులుతారు, పొట్ట నిండా స్టెరైల్ ఐసు నూక పోస్తారు. ముదురు వంగపండు రంగులో ఉన్న కిడ్నీ కళ్ళ ముందే పాలిపోయి, ఉడికించిన శనగపప్పు రంగుకి వస్తుంది. లోపలి రక్తమంతా పోయి ద్రావణం నిండిందని దానర్థం. ముందు గుండె బయటికి వస్తుంది, తర్వాత ఊపిరితిత్తులు, లివర్, చివరగా కిడ్నీలు. ఒక్కో కిడ్నీనీ ద్రావణం పోసిన స్టెరైల్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో, దాన్ని మరో సంచిలో పెట్టి ఐసు పెట్టెలోకి చేరుస్తారు. ఐసు నేరుగా తగిలితే కణాల్లోని నీరు గడ్డకట్టి, ఆ పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి. అందుకే అన్ని సంచులు.

ఆ ద్రావణం ఉప్పు నీళ్ళు కాదు. 1980ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ అనే ఇద్దరు తయారుచేసినది ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. కణంలో సహజంగా ఎలా ఉంటుందో అలాగే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఊట లోపలికి రావాలంటే బయట నీళ్ళుండాలి కదా, ఆ బయటి నీళ్ళనే మార్చేశారన్నమాట. కణం ఉబ్బకుండా పట్టి ఉంచే పెద్ద పెద్ద అణువులు కొన్ని వేశారు. గౌట్ అనే కీళ్ళ జబ్బుకి రాసే అలోప్యూరినాల్ కూడా అందులో ఉంది. అది ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక మెట్రో సంగతి. మీ బావగారు చెప్పింది నిజమే. 2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రో రైలులో గుండెని తీసుకెళ్ళారు. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. అంతకు ముందు 2021 ఫిబ్రవరిలోనూ నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి ఇలాగే ఒకటి వెళ్ళింది. అంత హడావుడి ఎందుకంటే ఐసులో పెట్టినా గుండెకి ఉన్న గడువు నాలుగు గంటలు, మహా అయితే ఇంకాస్త. ఊపిరితిత్తులకి ఆరు నుంచి ఎనిమిది. లివర్‌కి ఎనిమిది నుంచి పన్నెండు. కిడ్నీకి ఇరవై నాలుగు దాకా ఒప్పుకుంటాం, తప్పనిసరైతే ఆ పైన కూడా. ఇది పలుకుబడితో వచ్చిన తేడా కాదమ్మా, ఒంటి తీరు. గుండె కండరం ఒకసారి చచ్చిందంటే మళ్ళీ పుట్టదు. పైగా అమర్చిన నిమిషం నుంచే అది కొట్టుకోవాలి. కొన్నాళ్ళు పడుకుని లేస్తానంటే రోగి ఉండడు. కిడ్నీ రెండు వారాలు పడుకున్నా డయాలసిస్ మెషీన్ దాని పని చేసిపెడుతుంది. కిడ్నీలో దెబ్బతినే కణాలకి మళ్ళీ మొలిచే గుణం కూడా ఉంది. కాబట్టి పోలీసులు సిగ్నల్స్ ఆపి దారి ఇవ్వాల్సి వస్తే ముందు గుండెకే ఇస్తారు, ఇవ్వాలి కూడా.

మరి మీవారి కిడ్నీ పెట్టెలో ఉన్నంతసేపూ ఎవరేం చేస్తున్నారు? మీరు రాసిన వేళల్ని బట్టి చూస్తే అర్ధరాత్రి దాటాక క్లాంప్ పడి ఉండాలి. అప్పటికి మీరు దారిలో ఉన్నారు. ఐదింటికి చేరగానే తీసిన రక్తం క్రాస్ మ్యాచ్‌కి వెళ్ళింది. దాత కణాల మీద మీవారి రక్తం దాడి చేస్తుందా లేదా అని చూసే పరీక్ష అది. దానికి నాలుగైదు గంటలు పడుతుంది. తొందరపడి అది చూడకుండా కుడితే, పడకూడనిది పడితే, కిడ్నీ టేబుల్ మీదే నిమిషాల్లో నల్లబడిపోతుంది. ఈలోగా డయాలసిస్ చేశారన్నారు. పొటాషియం ఎక్కువగా ఉంటే మత్తు ఇవ్వడమే ప్రమాదం కాబట్టి అదీ కావాల్సిందే. ఆపైన మత్తు, కోత, రక్తనాళాలు కలపడం. మీ పదిహేను గంటలు ఇలాంటి వాటితోనే ఖర్చయి ఉంటాయి. థియేటర్ ఖాళీ లేక గంటో రెండు గంటలో పోయాయేమో, మీ కాగితాలన్నీ చూడకుండా నేను సర్టిఫికెట్ ఇవ్వలేను. కానీ మరణానంతర దాత నుంచి వచ్చిన కిడ్నీకి పదిహేను గంటలు మరీ తక్కువా కాదు, వేలెత్తి చూపించాల్సినంత ఎక్కువా కాదు.

నన్నడిగితే ఆ పదిహేను గంటల కంటే కాగితంలో రాయని రెండు సమయాల గురించి ఎక్కువ ఆలోచిస్తాను.

ఒకటి, క్లాంప్ కంటే ముందు జరిగినది. దాతలు చాలామంది మన దగ్గర రోడ్డు ప్రమాదాల్లో తలకి దెబ్బ తగిలినవాళ్ళే. హెల్మెట్ గురించి ఇక్కడ ఉపన్యాసం ఇవ్వను. మెదడు చనిపోయే సమయంలో ఒంట్లోకి అడ్రినలిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. రక్తనాళాలు బిగుసుకుపోతాయి. అది తగ్గగానే బీపీ పాతాళానికి పడిపోతుంది. నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఆగిపోవడంతో యూరిన్ లీటర్లకి లీటర్లు పోతుంది. మన చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి బ్రెయిన్ డెత్ అని ధ్రువీకరించాలి. ఆపైన బంధువులు ఒప్పుకోవాలి. అన్నాళ్ళూ ఐసీయూలో నర్సులు బీపీ పడిపోకుండా మందులు పెంచుతూ తగ్గిస్తూ, పోయిన నీటిని గంటగంటకీ నింపుతూ కూర్చుంటారు. చనిపోయిన మనిషికి ఇంత సేవ ఎందుకని బయటివాళ్ళు అనుకుంటారు. ఆ సేవంతా లోపలి కిడ్నీల కోసం, లివర్ కోసం. అక్కడ ఒక అరగంట బీపీ బాగా పడి ఉంటే, పెట్టెలో ఎక్కకముందే కిడ్నీకి దెబ్బ తగిలి ఉంటుంది.

రెండోది, పెట్టెలోంచి బయటికి తీశాక రక్తనాళాలు కుట్టేదాకా పట్టే సమయం. ముప్పై, నలభై నిమిషాలు. కొత్త కిడ్నీని పాత కిడ్నీల దగ్గర పెట్టరు, పొత్తికడుపులో కుడివైపో ఎడమవైపో, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలకి కలుపుతారు. కుట్టేది చీర కొంగు అంచు మీద పోగు లాంటి దారంతో. ఆ సేపంతా కిడ్నీ రోగి ఒంటి వేడికి నెమ్మదిగా వెచ్చబడుతూ ఉంటుంది, రక్తం మాత్రం ఇంకా రాదు. మేము దాని చుట్టూ ఐసు చుట్టిన గుడ్డ పెడతాం. చేయి తిరిగిన సర్జన్ ఇక్కడ పది నిమిషాలు మిగిల్చాడంటే అది పెద్ద మేలే.

కుట్లయ్యాక క్లాంపులు వదులుతారు. నేను ఎన్ని చూసినా విసుగు పుట్టని క్షణం అది. పాలిపోయిన ముద్ద అంచుల నుంచి గులాబీ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. కొన్నిసార్లు అక్కడికక్కడే కిడ్నీకి ఉన్న యూరిన్ గొట్టం చివర చుక్కలు కనిపిస్తాయి. 1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో, ఒక కవల సోదరుడి నుంచి ఇంకో సోదరుడికి పెట్టినప్పుడు, ఐసూ లేదు, ద్రావణమూ లేదు. కిడ్నీ 82 నిమిషాలు రక్తం లేకుండా ఉంది. అయినా క్లాంప్ వదిలాక వచ్చిన యూరిన్‌ని నేల మీద తుడవాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి అప్పుడే తీసిన కిడ్నీకి ఉండే దమ్ము అది. ఐసీయూలో రెండు మూడు రోజులు నలిగిన దాత కిడ్నీకి అంత ఉండదు.

పైగా ఆ గులాబీ రంగు క్షణంలోనే ఇంకో ప్రమాదం కాచుకుని ఉంటుంది. కరెంటు పోయినప్పటి కంటే తిరిగి వచ్చినప్పుడే టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోతాయని పల్లెలో ఉన్నవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. రక్తం లేనంతసేపూ కణంలో కొన్ని పదార్థాలు సగం విరిగి పేరుకుని ఉంటాయి. ఒక్కసారిగా ఆక్సిజన్ వచ్చి పడగానే వాటి నుంచి ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్ పుట్టి, దొరికిన పొరనల్లా కాలుస్తాయి. తెల్లరక్తకణాలు అక్కడేదో యుద్ధం జరుగుతోందనుకుని గుంపుగా వచ్చి పడతాయి. సన్నటి రక్తనాళాల లోపలి పొర వాచి, పెద్ద ధమనిలో రక్తం పోతున్నా చిట్టచివరి సందుల్లోకి చేరదు. అలోప్యూరినాల్ ఇందాక అందుకే చెప్పాను. ఆ ఫ్రీ రాడికల్స్ పుట్టే దారుల్లో ఒకదాన్ని అది మూస్తుంది. మన ఇళ్ళల్లో స్టెబిలైజర్ లాంటిది. ఉన్నా కూడా ఒక్కోసారి టీవీ పోతుంది.

కిడ్నీలో ఈ దెబ్బ ముందు తగిలేది వడపోసే జల్లెడకి కాదు, దాని తర్వాత వచ్చే గొట్టాలకి. ఒక మనిషి కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోసి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా వెనక్కి పీల్చుకుంటాయి. ఆ పీల్చే పని గొట్టాల గోడల్లో ఉన్న కణాలది. చాకిరీ ఎక్కువ, కాబట్టి ఆకలీ ఎక్కువ. అందులోనూ కిడ్నీ లోపలి భాగానికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ అంతంతమాత్రంగా అందుతుంది. కరువొస్తే ముందు పస్తులుండేది ఆ కణాలే. అవి చచ్చి రాలి గొట్టాల్లోనే పడతాయి. కాలవలో పూడిక పడ్డట్టు దారి మూసుకుపోతుంది. రక్తం బాగానే తిరుగుతున్నా యూరిన్ బయటికి రాదు. మీ పుస్తకంలో మొదటి వారం అంకెలు ఈ పూడికవే. తర్వాత మిగిలిన కణాలు ఒకటి రెండుగా పెరిగి, పాకి, గోడని మళ్ళీ కప్పుకుంటాయి. పూడిక కొట్టుకుపోతుంది. దీనికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. పన్నెండో రోజు 2,300 రావడం కూడా ఇందులో భాగమే. కొత్తగా మొలిచిన కణాలకి నీటిని వెనక్కి పీల్చడం అప్పటికి సరిగ్గా రాదు, అందుకే ధారగా పోయింది.

మార్పిడి తర్వాత మొదటి వారంలో ఒక్కసారైనా డయాలసిస్ పడితే దాన్ని ‘ఆలస్యంగా పనిచేయడం’ కింద రాస్తాం. మీ కాగితంలో డీజీఎఫ్ అని ఉండే ఉంటుంది. ఇది అరుదేమీ కాదు. యూరప్‌లో 336 మంది దాతల కిడ్నీలతో ఒక పరిశీలన చేశారు. ఒక్కొక్కరి రెండు కిడ్నీల్లో ఒకదాన్ని ఐసు పెట్టెలో, ఇంకోదాన్ని చల్లటి ద్రావణం నిరంతరం తిప్పే మెషీన్‌లో పెట్టారు. 2009లో ఫలితాలు ప్రచురించారు. ఐసు పెట్టెలో పెట్టినవాటిలో 26.5 శాతం, మెషీన్‌లో పెట్టినవాటిలో 20.8 శాతం ఆలస్యంగా లేచాయి. మీ బావగారికి ఈ అంకెలే చూపించండి. మెషీన్ మేలేనని ఒప్పుకోవాల్సిందే. అది ఉన్నా కూడా ప్రతి ఐదింటిలో ఒకటి పడుకునే లేచింది.

ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగారు. దాచకుండా చెప్తాను. ఇలా పడుకుని లేచిన కిడ్నీల్లో మొదటి ఏడాది రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని పరాయిదని ఒళ్ళు దాడి చేయడం, వచ్చే అవకాశం మిగతావాటి కంటే కాస్త ఎక్కువ. దెబ్బతిన్న కణాలు పంపే సంకేతాలకి రోగనిరోధక వ్యవస్థ చురుగ్గా స్పందిస్తుంది, కారణం అదే. కొంత ఆయుష్షు తగ్గేవీ ఉంటాయి. ఏళ్ళ తరబడి హాయిగా పనిచేసేవీ చాలా ఉన్నాయి. మీవారి విషయంలో నాకు నచ్చింది 1.8 అన్న అంకె కాదు, 3.1 నుంచి 1.8కి దిగిన తీరు. ఇంకా దిగవచ్చు, 1.5 దగ్గరో 1.6 దగ్గరో నిలబడిపోవచ్చు. ఎక్కడ నిలబడితే అదే ఆయనకి మామూలు. పక్కింటివాళ్ళ రిపోర్టుతో పోల్చి టెన్షన్ పడకండి. నిలబడ్డ చోటు నుంచి పైకి ఎక్కితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా మీ డాక్టర్‌కి చెప్పండి.

వచ్చే చెకప్‌లో మీ డాక్టర్‌ని మూడు విషయాలు అడగండి. దాతకి ఐసీయూలో బీపీ బాగా పడిందా, చివరి క్రియాటినిన్ ఎంత? రక్తనాళాలు కుట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? యూరిన్ రాని రోజుల్లో డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం పారుతుందా అని చూసేది), బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసేది) చేశారా, అందులో ఏముంది? మూడో ప్రశ్న ముఖ్యం. పూడిక వల్ల ఆగిందా, రిజెక్షన్ వల్లా, రక్తనాళం మడత పడిందా అన్నది బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటుంది. ఎదురుచూసేటప్పుడు రిజెక్షనూ, మడతా కాదని తేల్చుకోవడమే మా పని. తగాదాగా కాకుండా తెలుసుకోవాలని అడిగితే ఏ డాక్టరూ దాచడు. మీ బావగారిని మాత్రం ఆ రోజు తీసుకెళ్ళకండి.

ఇక నుంచి రక్తం తగ్గే ప్రమాదం ఇంట్లోనే ఉంది. దాని మీద దృష్టి పెట్టండి. ఈ కిడ్నీకి రక్తం వచ్చేది కుట్టిన దారిలోనే. రెండు వాంతులు, నాలుగు విరేచనాలు అయి ఒంట్లో నీరు పోతే మనకి నీరసం వస్తుంది, దానికి కరెంటు పోతుంది. ఖమ్మం ఎండలు మీకు తెలిసినవే. మే నెలలో మధ్యాహ్నం పొలానికి పంపకండి, ఎంత నీరు తాగాలో మీ డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం తాగించండి. ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోనివ్వకండి. అవి కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలని బిగిస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గర నడుము నొప్పి ఇంజెక్షన్ కూడా అదే బాపతు. రిజెక్షన్ రాకుండా ఆయన వేసుకుంటున్నది టాక్రోలిమస్ అయితే అదీ అంతే, మోతాదు మించితే నాళాలని బిగిస్తుంది. అందుకే దాని లెవెల్ కోసం మాటిమాటికీ రక్తం తీస్తారు. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందులు ఆ లెవెల్‌ని అమాంతం పెంచుతాయి. చర్మం మీద తామరకి ఎవరో ఫ్లూకోనజోల్ రాసిస్తే వేసుకుని, పది రోజుల తర్వాత క్రియాటినిన్ 4తో నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. పసరు మందుల గురించి వేరే చెప్పను, వద్దంటే వద్దే.

మీ అత్తగారి సంగతి. బతికుండగా షుగర్ ఉందని వద్దనడం సబబే. ఇచ్చాక మిగిలిన ఒక్క కిడ్నీ ఆవిడకే చాలకపోయేది. పోయాక తీసుకోలేకపోవడానికి కారణం పైన చెప్పిన లెక్కే. ఆవిడ నిద్రలో పోయారు, గుండె ఆగింది. మీరు పొద్దున్నే చూసేసరికి ఎన్ని గంటలైందో తెలియదు. ఆ సమయమంతా కిడ్నీలు ఒంటి వేడిలోనే రక్తం లేకుండా ఉన్నాయి. ఐసు లేదు, ద్రావణం లేదు. బ్రెయిన్ డెత్ అయినవాళ్ళకి వెంటిలేటర్ మీద గుండె ఇంకా కొట్టుకుంటూ, క్లాంప్ వేసే క్షణం దాకా కిడ్నీలకి రక్తం అందిస్తూనే ఉంటుంది. గుండె ఆగాక కూడా తీసే పద్ధతి ఉంది. బ్రిటన్, స్పెయిన్, నెదర్లాండ్స్‌లో బాగా చేస్తారు, మన దగ్గర చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో చేశారు. అదైనా ఆసుపత్రిలో, అంతా సిద్ధంగా ఉంచుకుని, గుండె ఆగిన నిమిషాలు లెక్కపెడుతూ చేసేది. ఇంట్లో నిద్రలో పోయినవారికి కుదరదు.

కళ్ళ సంగతి వేరు. వాళ్ళు తీసుకునేది నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా కోసం. దానికి రక్తనాళాలే లేవు. ఉంటే మనకి ఎర్రటి గీతల్లోంచి లోకం కనిపించేది. అది కన్నీటి పొర ద్వారా గాలిలోంచే ఆక్సిజన్ తీసుకుంటుంది, లోపలున్న నీటి నుంచి తిండి తీసుకుంటుంది. రక్తం ఆగడం దానికి వెంటనే తెలియదు. అందుకే ఆరు గంటల దాకా టైముంటుంది, షుగర్ ఉన్నా పనికొస్తుంది. ఎవరింట్లోనైనా అలాంటి రోజు వస్తే కళ్ళు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు వేసి, ఫ్యాన్ ఆపేయమని చెప్పండి. ఫ్యాన్ గాలికి కార్నియా ఎండిపోతుంది. చాలా ఇళ్ళలో ఈ ఒక్కటే మర్చిపోతారు. మీ ఇంట్లో ఆ రోజు టీమ్ వచ్చి తీసుకెళ్ళారంటే వేళకే కబురు చేశారన్నమాట.

నోటు పుస్తకం ఆపకండి. రోజూ కొలవక్కర్లేదు గానీ వారానికి ఒకరోజు ఇరవై నాలుగు గంటల యూరిన్, పొద్దుటి బరువు, బీపీ రాసి, పక్కన క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్ వేయండి. చెకప్‌కి వెళ్ళినప్పుడు డిశ్చార్జి కాగితం ఫైల్లో కింద పెట్టి ఈ పుస్తకం పైన పెట్టండి. మీ డాక్టర్ కూడా ముందు దాన్నే చూస్తాడు.